నాలుగో ముక్క పైవైపు

జూన్ 14, మంగళవారం

గాలి. బస్సు దిగి మలుపు తిరగ్గానే మున్సిపాలిటీ వాళ్లు కట్టిన తాడు పట్టుకోవాల్సి వచ్చింది. నా ముందు నడుస్తున్న ముసలావిడ టోపీ ఎగిరి జలసంధిలో పడింది. ఆవిడ దాని వంక చూడను కూడా చూడలేదు.

మా లాబొరేటరీలో పరిశోధన చేస్తున్న యాస్నా అడిగిందని మధ్యాహ్నం చలిగదికి వెళ్లాను. 93లో సముద్రం అడుగు నుంచి తీసిన మట్టి గొట్టం, అందులో నాలుగో ముక్క, దాచిన సగం బయటికి తీయమంది. ఫొటోలు తీసుకుంటుందట. గొట్టాన్ని నిలువునా చీల్చినప్పుడు ఒక సగం పనికి, ఒక సగం దాచడానికి. పని సగాన్ని ఈ ఇరవై మూడేళ్లలో చెంచా చెంచాగా తవ్వేశాం. దాచిన సగం మూడో అరలో వెనకాల, పెట్టిన చోటే ఉంది. విప్పి చూశాను. విశేషమేమీ లేదు. మళ్లీ చుట్టి పెట్టేశాను.

యాస్నాతో మాత్రం, ప్లాస్టిక్ మట్టికి అతుక్కుపోయింది, లాగితే మట్టి ఊడొస్తుంది, ఇప్పుడు కుదరదు అని చెప్పాను.

"అయ్యో, అంత పాడైందా పిన్నీ?"

"ఇరవై మూడేళ్లమ్మా. నువ్వు రెండు నెలలు ఫ్రిజ్‌లో మర్చిపోయిన జున్ను ఎలా తయారైందో గుర్తులేదా?"

నవ్వింది. నవ్వితే పై పన్ను కొంచెం విరిగినట్టు కనబడుతుంది. ఇంటికొచ్చి రొట్టె కాల్చాను. రొట్టె బాగా వచ్చింది.

జూన్ 15

మట్టిలోంచి నాలుగు వందల పది గుల్లలు ఏరాను. చెయ్యి వణకలేదు.

జూన్ 17, శుక్రవారం

బడి పిల్లలు వచ్చారు. మా ప్రొఫెసరు దోన్ ఎవారిస్తోకి పండగే. డెబ్బై ఒక్క ఏళ్లొచ్చినా పిల్లల ముందు నిలబడగానే ఆయన టై దానంతటదే సర్దుకుంటుంది. డిసెంబరులో ఆయన రిటైరై వెళ్లిపోతే ఈ లాబొరేటరీ వట్టి సింకులూ బీరువాలూ మిగులుతుందని అందరూ అంటారు. నేనూ అంటాను.

ఎప్పటి ఆటే. సోడా సీసా పట్టుకొచ్చారు.

"ఇది సముద్రం పిల్లలూ. ఇందులో కరిగి ఉన్నది బొగ్గుపులుసు గాలి. మంచుయుగంలో ఏమైందంటే, మన కింద ఉన్న దక్షిణ సముద్రం మీద మంచు పరుచుకుంది. ఉప్పటి చల్లటి నీళ్లు బరువెక్కి అడుక్కి చేరాయి. పైనీళ్లకీ అడుగునీళ్లకీ మాటల్లేవు. అంటే సీసాకి మూత పడింది. పైనుంచి రాలిన చచ్చిన జీవాల్లోని కర్బనమంతా అడుగునే ఉండిపోయింది, వేల ఏళ్లు. గాలిలో బొగ్గుపులుసు తగ్గింది. భూమి ఇంకా చల్లబడింది. ఆ తర్వాత, పద్దెనిమిది వేల ఏళ్ల కిందట, మంచు వెనక్కి తగ్గడం మొదలెట్టింది. అడుగునీళ్లు పైకొచ్చాయి..."

మూత కొంచెం తిప్పారు. బుస్స్‌మంది. పిల్లలు అరిచారు.

"ఊపిరి వదిలింది! మొత్తం కాదు, కొంచెమే." మూత బిగించారు. "మళ్లీ బిగబట్టింది. రెండు వేల ఏళ్లు!" మళ్లీ తిప్పారు. బుస్స్. చొక్కా తడిసింది. చప్పట్లు.

ఆ "బిగబట్టిన ఊపిరి" ఆయన పేరుతోనే పుస్తకాలకెక్కింది. దాని గీత వరండాలో అద్దం కట్టించి ఉంది. అది మొత్తం నాలుగో ముక్కలోంచి వచ్చింది. ఆ గుల్లలు ఏరింది నేను. సముద్రం అడుగున బతికి చచ్చిన జీవాల గుల్లలు, ఇసుక రేణువంతవి, మూడు వెంట్రుకల కుంచెతో, ఒక్కొక్కటీ. తను బతికిన నీళ్ల గుట్టు గుల్ల గోడలో ఉండిపోతుంది. దాన్ని యంత్రం చదువుతుంది. ఏరడం యంత్రానికి రాదు.

యాస్నా చప్పట్లు కొట్టలేదు. కాఫీ గదిలో నా పక్కన కూర్చుని మెల్లగా అంది: "నా గొట్టంలో బిగబట్టడం లేదు పిన్నీ. ఒకటే ఊపిరి. పొడుగ్గా, నెమ్మదిగా. మూడుసార్లు కొలిచాను. ఆయన తీసిన చోటికీ నేను తీసిన చోటికీ మధ్య ఎనిమిది మైళ్లు. ఎనిమిది మైళ్లలో సముద్రం మనసు మార్చుకుంటుందా?"

"నన్నడిగితే? సముద్రాన్ని అడుగు."

"అడిగాను. అదే చెప్పింది."

పొగరు. నాకు ఇలాంటి పొగరంటే ఇష్టం. నాకు ఆ వయసులో ఉండాల్సింది, లేకపోయింది. ఆగస్టు పన్నెండున ఆమె పరిశోధన గ్రంథం మీద సమావేశం. దోన్ ఎవారిస్తో సంతకం లేకపోతే ఆమె నాలుగేళ్ల పనీ చెల్లదు. జలసంధి దాటి పోర్వెనీర్ వెళ్లి పీతల డబ్బాల ఫ్యాక్టరీలో తండ్రి పక్క కుర్చీలో కూర్చోవాలి.

ఆయన సంతకం పెడతారు. మనసు మంచిది.

జూన్ 21

యాస్నా మళ్లీ అడిగింది. ప్లాస్టిక్ సంగతి మళ్లీ చెప్పాను. ఈసారి బూజు కూడా కలిపాను.

జూన్ 24, శుక్రవారం

సాన్ హువాన్ పండగ. రాత్రి పడుకునేముందు మంచం కింద మూడు బంగాళాదుంపలు పెట్టాను. చెక్కు తీసినది, సగం తీసినది, తీయనిది. అమ్మ చిలొయే దీవిలో పెట్టేది, నేనిక్కడ పెడతాను. పొద్దున లేచి చూడకుండా చెయ్యి పెట్టాలి. తీయనిది వస్తే ఏడాదంతా నిండుగా ఉంటుంది. చెక్కు తీసినది వస్తే ఏమీ మిగలదు.

చెయ్యి పెట్టాను. సగం గరుకు, సగం జిగట. వదిలేసి మళ్లీ వెతికాను. తీయనిది వచ్చింది.

ఈ ఏడాది బాగుంటుంది.

జూలై 2, శనివారం

రియో సెకో వెళ్లి చితో బార్రియాను చూసొచ్చాను. 93లో ఆ మట్టి తీసిన ఓడలో డెక్కు మేస్త్రీ. ఎనిమిదేళ్లయింది చూసి. దారిలో పోతూ పలకరిద్దామని వెళ్లానని చెప్పాను. ఆ దారి ఆ ఇంటి దగ్గరే ఆగిపోతుంది.

"నెల్దా! బతికే ఉన్నావా?"

"మీకేమైనా ఇబ్బందా బాబాయ్?"

"లేదులే. పోయుంటే పూలు కొనాల్సొచ్చేది."

మాతే ఆకుల టీ ఎండుకాయలో పోసి, పీల్చే పుల్లతో నా చేతికిచ్చాడు. చక్కెర వేయలేదు. నాకు చక్కెర పడదని ఇరవై మూడేళ్లుగా గుర్తుపెట్టుకున్న మనిషి. అలాంటి మనిషి దగ్గరికి, ఏదో మర్చిపోయి ఉంటాడని ఆశపడి వెళ్లాను.

"93 మార్చి, ఆ తుఫాను రోజు. గొట్టాలకి మూతలు ఎవరు బిగించారు బాబాయ్?"

"నువ్వే. ఆ పని నీకెందుకిచ్చారో తెలుసా? వాంతుల బకెట్టు పక్కన కూర్చుని చేసుకోవచ్చని."

"పైవైపు ఎర్రమూత, కిందవైపు తెల్లమూత. అంతేగా?"

"అంతే. కానీ ఆ రోజు మిగిలిన ఎర్రమూతలు అల పట్టుకుపోయింది. గొట్టాన్ని ముక్కలు కోస్తున్నాం. నాలుగోది కోసి బల్ల మీద పెట్టామో లేదో ఓడ ఒరిగింది. జారిపడి దొర్లుకుంటూ కమ్మీల దాకా పోయింది. నేను కాలు అడ్డం పెట్టా. ఇదుగో, ఈ కాలే. చలికాలం వస్తే నీ పరిశోధన అంతా ఇక్కడ సలుపుతుంది."

"అప్పుడు... ఏ వైపు పైదో మీరు చూశారా?"

"నాకేం తెలుసమ్మా. రెండు పక్కలా అదే పచ్చబూడిద బురద. మిగతా ముక్కలకి మూతలు బిగించేశారు, పోల్చుకోడానికి లేదు. నిన్నే అడిగా. నువ్వు మూతి తుడుచుకుని, పెన్ను తీసి, 'ఇటు పైకి' అని బాణం గీశావ్. ప్రొఫెసరు తడిసి ముద్దై వచ్చి 'ఖచ్చితంగానా?' అనడిగాడు. 'ఖచ్చితంగా' అన్నావ్. అంత గట్టిగా నీ గొంతు వినడం అదే మొదలు. సరే, పిల్ల చూసే ఉంటుంది అనుకున్నా."

నేను మాతే తాగుతూ కూర్చున్నాను. కాయ ఖాళీ అయిపోయినా పీలుస్తూనే ఉన్నాను. చప్పుడు వస్తోంది. చితో నా వంక చూశాడు.

"తలకిందులా?"

కాయ బల్ల మీద పెట్టేశాను.

"నా మీద తోసెయ్యి. చితో తిప్పేశాడని చెప్పు. డెబ్బై నాలుగేళ్ల ముసలాణ్ణి, నన్నేం చేస్తారు, ఓడ దింపేస్తారా?"

వచ్చేటప్పుడు ఎండబెట్టిన చేపలు కట్టిచ్చాడు.

జూలై 4

చితో వయసు డెబ్బై నాలుగు. ఆ వయసులో జ్ఞాపకం ఎంతవరకు నమ్మాలి? కాలు అడ్డం పెట్టినప్పుడు తనే తిప్పి ఉండొచ్చు. తను చెప్పిందీ అదేగా, ఒక రకంగా.

జూలై 11, సోమవారం

ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి.

దోన్ ఎవారిస్తో యాస్నా గ్రంథం చదివేశారు. నా బల్ల దగ్గరికే వచ్చి మాట్లాడారు ఇద్దరూ. నేను మైక్రోస్కోపులోంచి తల ఎత్తలేదు.

"నీ మట్టిని పురుగులు కలిపేశాయమ్మా" అన్నారాయన. ఎంతో మర్యాదగా. మర్యాద ఎక్కువైతే కోపంగా ఉన్నారని అర్థం. "అందుకే గీత నున్నగా వచ్చింది. మా మట్టిలో ఉన్న మలుపులన్నీ నీ మట్టిలో చెరిగిపోయాయి. ఆ అధ్యాయం తీసెయ్. లేదా మట్టి చెడిపోయిందని ఒక వాక్యం రాయి. రేపే సంతకం పెడతా."

"చెడిపోలేదు సార్. కొలతలున్నాయి."

"నాకూ ఉన్నాయి."

"మీ గీతలో రెండు దూకుళ్లున్నాయి కదా సార్. అవి రెండూ సరిగ్గా రంపం పడ్డ చోటే ఉన్నాయి. ఒకటి నాలుగో ముక్క మొదట్లో, ఒకటి చివర్లో. మీకు వింతగా లేదూ?"

"అంటే?"

"అంటే... ఆ ముక్క తిరగబడి ఉండొచ్చు."

ఆయన నవ్వారు. నిజంగానే నవ్వారు, హాయిగా. "నెల్దితా, విన్నావా? నీ ముక్క తిరగబడిందట! అమ్మాయ్, ఇరవై మూడేళ్లలో ఈవిడ ఒక్క గుల్ల కూడా పళ్లెంలో తప్పు గుంటలో వేయలేదు. ఒక్కటంటే ఒక్కటి."

యాస్నా నా వైపు తిరిగింది. "పిన్నీ, నువ్వే చెప్పు."

"బాణం నేనే వేశాను" అన్నాను.

అంతే అన్నాను. అందులో అబద్ధం లేదు. ఎవరైనా ఎక్కడైనా తూచి చూసుకోవచ్చు, అబద్ధం లేదు.

యాస్నా ముఖం ఎర్రబడింది. నా భుజం మీద చెయ్యి వేసింది. "నిన్నన్నానని కాదు పిన్నీ. క్షమించు." ఆ చెయ్యి నా భుజం మీద ఇంకా ఉన్నట్టే ఉంది.

జూలై 13, బుధవారం

జూన్ 14న విశేషమేమీ లేదని రాశాను. బూడిద ఉంది.

పై నుంచి నూట పన్నెండు సెంటీమీటర్ల దగ్గర, గోటి మందాన, అగ్నిపర్వతం బూడిద. ఈ పని చేసే ఎవరికైనా తెలిసిన సంగతే. బూడిద సముద్రం అడుగున ఒక్కసారిగా పడుతుంది. పడ్డ చోట అంచు గీసినట్టు ఉంటుంది. తర్వాత దాని మీద మట్టి పడుతూ ఉంటే పురుగులు రెండింటినీ కలుపుతాయి, అందుకని మీది అంచు మసగ్గా ఉంటుంది. కింద పదును, పైన మసక. ఎప్పుడూ అంతే.

నాలుగో ముక్కలో పైన పదును.

వంటింట్లో కూర్చుని దోన్ ఎవారిస్తో గీతని వెన్నకాగితం మీద దించాను. నాలుగో ముక్క మేరకు కత్తిరించాను. తిప్పి మళ్లీ అతికించాను. దూకుళ్లు పోయాయి. బిగబట్టడం పోయింది. కింద నుంచి పైకి ఒకటే జారుడు, పొడుగ్గా, నెమ్మదిగా. యాస్నా గీత. ఆ ముక్క వయసు కొలిచింది నడిమధ్యన ఒకే ఒక్క చోట. ఆ రోజుల్లో ఒక్క కొలతకి బోలెడు గుల్లలు కావాలి, అంతకన్నా కుదరలేదు. నడిమధ్య ఎటు తిప్పినా నడిమధ్యే. అందుకే ఎవరూ పట్టుకోలేకపోయారు.

ఇక్కడ నేను తప్ప ఎవరూ చదవరు గనక రాస్తున్నాను. ఆ రోజు నేను చూడలేదు. ఆడమనిషిని ఎక్కించుకోనని కెప్టెను మొండికేస్తే దోన్ ఎవారిస్తో రెండు గంటలు వాదించి ఎక్కించారు. ఎక్కినప్పటి నుంచీ నేను వాంతులు చేసుకుంటూనే ఉన్నాను, కుర్రాళ్లు నవ్వుతూనే ఉన్నారు. తెలీదని ఒక్క మాట అంటే ఆ ముక్క పనికిరాదు, గొట్టం మధ్యలో ఖాళీ. మళ్లీ ఏ ఓడా నన్ను ఎక్కించుకోదు. ఇటువైపు అయి ఉంటుందని అనిపించింది. అనిపించిందాన్ని ఖచ్చితమన్నాను. ఆ ఒక్క మాటతో నాకు ఉద్యోగం వచ్చింది, పేరు వచ్చింది. నెల్దా మన్సీయా తప్పు చెయ్యదు.

ఇప్పుడు చెప్తే మాత్రం ఆ పిల్లకి మేలు జరుగుతుందని ఏముంది? ఆయన నమ్మకపోవచ్చు. డిసెంబరు దాకా ఆగితే ఆయన పరువుగా వెళ్లిపోతారు. అది కూడా ఆలోచించాలి కదా.

జూలై 19

ఆలోచిస్తున్నాను.

జూలై 27, బుధవారం

యాస్నా బల్ల ఖాళీ చేసింది. మట్టి చెడిపోయిందన్న వాక్యం రాయనంది. ఆయన సంతకం పెట్టనన్నారు. ఇద్దరూ అరుచుకోలేదు.

పుస్తకాలు పెట్టెలో సర్దుతూ తన కుంచె నాకిచ్చింది. మొదటిరోజు నేనే కట్టిచ్చిన కుంచె. "నువ్వు నేర్పినవన్నీ గుర్తుంటాయి పిన్నీ. ముఖ్యంగా రిజిస్టరు."

ఆమెకి మొదటిరోజు చెప్పింది అదే. రిజిస్టరులో తప్పు పడితే రబ్బరు వాడకూడదు, తెల్లసిరా పూయకూడదు. ఒకే ఒక్క గీత కొట్టు, కిందున్నది చదవగలిగేలా. పక్కన నిజం రాయి. తేదీ వెయ్యి. పేరు పొడి అక్షరాలు వెయ్యి. తప్పు చేసినందుకు ఇక్కడ ఎవరూ తిట్టరు, దాచినందుకు తిడతారు.

"డబ్బాల ఫ్యాక్టరీలో నా రిజిస్టరు చూసి అందరూ భయపడతారు చూడు" అంది. నవ్వబోయింది. నవ్వలేకపోయింది.

భోజనం చెయ్యలేదు. నా మీద నాకు అసహ్యంగా ఉంది.

జూలై 28, గురువారం

చెప్పేశాను.

పొద్దున ఆయన గదిలో, కోటు కూడా విప్పకుండా. "దోన్ ఎవారిస్తో, నాలుగో ముక్క తలకిందులు."

"ఆ పిల్ల నీ బుర్ర కూడా తినేసి వెళ్లిందా నెల్దితా?"

"బాణం వేసినప్పుడు నాకు ఏ వైపు పైదో తెలీదు. తెలుసన్నాను."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. "ఖచ్చితంగానా?"

"ఖచ్చితంగా."

"అప్పుడూ ఇదే మాట అన్నావు, నెల్దా."

ముద్దుగా పిలిచే నెల్దితా కాదు. నా మాటకి విలువ ఉండుంటే ఆ మాటతోనే నమ్మేవారు. ఆ విలువ పోగొట్టుకున్నది నేనే. అందుకని చలిగదికి రమ్మన్నాను. ప్లాస్టిక్ విప్పాను. ఉల్లిపొరలా తేలిగ్గా ఊడింది. అతుక్కుపోయిందన్న మాట ఆయన చెవిన కూడా పడ్డట్టుంది, ఒకసారి నా వంక చూశారు. జేబులోంచి భూతద్దం తీసి వంగారు. చాలాసేపు వంగే ఉన్నారు.

"ఓడ లాగ్‌బుక్ పట్రా."

తెచ్చాను. 1993, మార్చి 19. ఆయన చేతిరాత, అచ్చు వేసినట్టు. పైకే చదివారు: "నాలుగో ముక్క. నూట పన్నెండు సెంటీమీటర్ల దగ్గర బూడిద పొర. పై అంచు పదును. కింది అంచు మసక." ఆగి మళ్లీ చదివారు.

"ఇది నేనే రాశాను."

"అవునండీ."

"సరిగ్గా రాశాను. రాసింది చదువుకోలేదు." పుస్తకం మూశారు. "ఎందుకు చదువుకోలేదో కూడా తెలుసు. గీత రాగానే నాకు నచ్చేసింది. సముద్రం ఊపిరి బిగబట్టిందని చెబితే జనం కూడా కుర్చీల్లో ముందుకి వంగేవాళ్లు. ఆ తర్వాత ఈ పేజీ మళ్లీ ఎందుకు తీస్తాను?"

గదిలో నాలుగు డిగ్రీలు. ఆయన చొక్కా మీదే నిలబడి ఉన్నారు. వెళ్లి కోటు తెచ్చి కప్పాను. పెదాలు నీలంగా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"నువ్వెప్పుడు చూశావు?"

"జూన్ పద్నాలుగు."

"ఆ పిల్ల నిన్న బల్ల ఖాళీ చేసింది."

"అవును."

"ఆమెతో నేను చెప్పాల్సింది నేను చెబుతా. నువ్వు చెప్పాల్సింది మాత్రం నా చేత చెప్పించకు."

జూలై 30, శనివారం

యాస్నా పోర్వెనీర్ పడవకి వెళ్తోందని తెలిసి త్రెస్ పుయెంతెస్ రేవుకి వెళ్లాను. గాలికి పడవ ఆలస్యం. టికెట్ల గది వెనకాల, గాలి మరుగున నిలబెట్టి చెప్పాను. ముక్క తలకిందులు, బూడిద సాక్ష్యం ఉంది, దోన్ ఎవారిస్తో తన కళ్లతో చూశారు, సంతకం పెడతారు, పన్నెండో తేదీ సమావేశం ఉంది.

ముందు అరిచింది. పెట్టె కింద పడేసి నన్ను కావిలించుకుని ఊపేసింది. "ఒకటే ఊపిరి! నే చెప్పానా పిన్నీ! ఒకటే!" టికెట్ల మనిషి బయటికొచ్చి చూశాడు.

తర్వాత ఆగింది. లెక్క కట్టుకుంటోందని తెలుస్తోంది. తెలివైన పిల్ల, ఎంతోసేపు పట్టలేదు.

"ప్లాస్టిక్ అతుక్కుపోలేదా?"

"లేదు."

"బూజు?"

"లేదు."

"నేను నిన్ను క్షమించమని అడిగాను. ఆయన ముందు."

"అవును."

పడవ కూత వేసింది. పెట్టె నేను అందుకోబోతే తనే తీసుకుంది. "మంగళవారం వస్తాను నెల్దాగారూ" అంది. ఎక్కేసింది.

గారూ అట. పడవ మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. పైడెక్కు మీదికి ఎవరూ రాలేదు.

ఆగస్టు 2

వచ్చింది. పని మొదలెట్టింది. నేను కుంచె తిరిగిచ్చాను. "థాంక్స్" అంది.

ఆగస్టు 12, శుక్రవారం

సమావేశం. సంతకం అయింది. దోన్ ఎవారిస్తో లేచి, ఆ గీత అచ్చువేసిన పత్రికకి ఉత్తరం పంపానని, తన పేరుతో ఉన్నది తప్పని, అందులో సగం తుఫానుదీ సగం తనదీ అని చెప్పారు. నేను వెనక వరసలో నిలబడి, తుఫానుది కాదు, నాది అన్నాను. అందరూ వెనక్కి తిరిగారు.

యాస్నా వెనక్కి తిరగలేదు.

బయటికొచ్చాక ఆయన కుర్చీ వేసుకుని ఎక్కి వరండాలో గీత దింపుకున్నారు. నన్ను కుర్చీ పట్టుకోమన్నారు. "పడేస్తావేమో, ఖచ్చితంగా పట్టుకున్నావా?" అన్నారు. వేళాకోళమే. ఇద్దరం నవ్వలేదు. గోడ మీద చతురస్రంగా తెల్ల మరక మిగిలింది.

ఆగస్టు 16, మంగళవారం

యాస్నా నాలుగో ముక్కలోంచి కొత్తగా మట్టి తీయాలని వచ్చింది. పది చోట్ల వయసు కొలుస్తుందట, ఇప్పుడు కొన్ని గుల్లలున్నా చాలు. గొట్టాన్ని బల్ల మీద పెట్టాను. చెంచా పట్టుకుని నిలబడి అడిగింది: "ఏది పైవైపు నెల్దాగారూ?"

"నన్నడక్కు. బూడిద చూడు."

వంగి చూసింది. చాలాసేపు చూసింది, ఆయనలాగే. వేలు పెట్టి చూపించింది. "ఇది."

నేనూ వంగి చూశాను. "ఇదే."

సొరుగులోంచి ఎర్రమూత తీసి ఆమె చూపించిన కొసకి బిగించాను. రిజిస్టరులో 93 నాటి నా బాణం మీద ఒక గీత కొట్టాను, కిందున్నది చదవగలిగేలా. పక్కన రెండో వైపుకి బాణం, తేదీ, నె.మ. ఆమె చదివింది. కింద తన పొడి అక్షరాలు కూడా వేసింది. సాక్షి సంతకం అవసరం లేదు, నేనెప్పుడూ నేర్పలేదు. తనే వేసింది. తర్వాత మట్టి తీయడం మొదలెట్టింది, నేను సీసాల మీద నంబర్లు వేస్తూ పోయాను. పదీ అయ్యేదాకా పని తప్ప వేరే మాట లేదు.

ఇంటికొచ్చాక ఈ పుస్తకం తీశాను. వెనక్కి తిప్పుతూ పోయాను.

జూలై 4. చితో తిప్పి ఉండొచ్చని రాశాను. గీత కొట్టాను. చితో కాలు అడ్డం పెట్టాడు, అంతే. జూన్ 24. సగం చెక్కు తీసిన దుంప వచ్చింది. జూన్ 15. చెయ్యి వణికింది, నాలుగు వందల పదిలో ముప్ఫై గుల్లలు కింద పడ్డాయి.

జూన్ 14. "చూశాను. విశేషమేమీ లేదు." రెండో మాట మీద ఒకే గీత కొట్టాను. మొదటిది అలాగే ఉంచాను. పక్కన రాశాను: బూడిద పొర, పదునైన అంచు పైన. ముక్క తలకిందులుగా ఉందని అప్పుడే తెలిసింది. ఆగస్టు 16. నె.మ.